లెక్క ఎక్కడ తప్పుతోంది?

ఈసారి వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ హైస్కూలు లెక్కల పరీక్ష గురించే. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి ఏడింటికి జవాబు ఇస్తున్నాం. పక్కన ఒక కాగితం, పెన్సిలు పెట్టుకుని చదవండి. అంకెలు కనిపించిన చోట ఆగి, మీరూ చేసి చూడండి.

ప్రశ్న: సార్, ఇంట్లో చేస్తే అన్ని లెక్కలూ వస్తున్నాయి. పరీక్షలో పేపరు చూడగానే ఏ లెక్క ఎలా మొదలుపెట్టాలో తోచడం లేదు. ఎందుకిలా అవుతోంది?

జవాబు: ఇంట్లో నీకు తెలియకుండానే రెండు సాయాలు అందుతున్నాయి. పరీక్షలో ఆ రెండూ ఉండవు.

మొదటిది పక్కన తెరిచి ఉన్న ఉదాహరణ. ఒక స్టెప్పు రాసి ఆగుతావు, కన్ను అటు పోతుంది, తర్వాతి స్టెప్పు దొరికిపోతుంది. చివరికి జవాబు సరిపోయింది కాబట్టి లెక్క వచ్చేసిందనిపిస్తుంది. కానీ ఆ స్టెప్పు నీకు తట్టలేదు, కనిపించింది. అందుకే ఉదాహరణను ఒకసారి శ్రద్ధగా చదివి పుస్తకం మూసెయ్యి. తెల్లకాగితం మీద మొదటినుంచి చెయ్యి. ఆగిపోతే ఐదు నిమిషాలైనా దానితో కుస్తీ పట్టు. అప్పటికీ కదలకపోతే పుస్తకం తెరిచి, ఆగిన చోట ఉన్న ఒక్క లైను చూసి మళ్లీ మూసెయ్యి. ఆ తర్వాత ఆపిన చోటునుంచి కొనసాగించొద్దు, కొత్త కాగితం మీద మళ్లీ మొదటినుంచి రాయి. చేతికి అలవాటు కావలసింది మొత్తం వరస.

అలా చూడాల్సి వచ్చిన ప్రతి లెక్క నంబరు పక్కన పెన్సిలుతో ఒక చుక్క పెట్టుకో. చుక్క ఉన్నవాటిని రెండు రోజులాగి ఒకసారి, వారం తర్వాత ఒకసారి, మూడు వారాలకు ఇంకోసారి చెయ్యి. వరసగా రెండుసార్లు సాయం లేకుండా వస్తే చుక్క చెరిపెయ్యొచ్చు. నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం మొదటి గంటల్లో, మొదటి రోజుల్లోనే జారిపోతుందని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లోనే చూపించాడు. ఒకే రోజు ఒకే రకం లెక్కలు ఇరవై చేయడం కన్నా, అవే ఇరవైని నాలుగు రోజులకు పంచుకుంటే నిలిచేది ఎక్కువ.

రెండో సాయం అధ్యాయం పేరు. వర్గ సమీకరణాల అభ్యాసంలో ఉన్న లెక్క వర్గ సమీకరణంతోనే అవుతుందని చదవకముందే తెలుసు. పరీక్ష పేపర్లో ఆ శీర్షిక ఉండదు. ‘రెండు వరుస ధన బేసి సంఖ్యల వర్గాల మొత్తం 290. ఆ సంఖ్యలేవి?’ అని మాత్రమే ఉంటుంది. మొదటిది ఎక్స్, రెండోది ఎక్స్ + 2 అనుకుని రాస్తే ఎక్స్² + 2ఎక్స్ − 143 = 0 అవుతుందని నీకు నువ్వే పోల్చుకోవాలి. ఎక్స్ విలువ 11, రెండో సంఖ్య 13. 121, 169 కలిపితే 290 వచ్చింది కదా, సరిపోయింది.

ఇంకా దగ్గరగా చూద్దాం. నీడ లెక్కలు రెండు రకాలు. ‘6 మీటర్ల స్తంభం నీడ 4 మీటర్లు. అదే సమయంలో ఒక గోపురం నీడ 28 మీటర్లు. గోపురం ఎత్తెంత?’ ఇక్కడ కోణం ప్రసక్తే లేదు, పోల్చడానికి ఇంకో వస్తువు ఉంది. కాబట్టి ఇది సరూప త్రిభుజాల లెక్క. ఎత్తు 28 × 6 ÷ 4, అంటే 42 మీటర్లు. ‘సూర్యుడి ఊర్ధ్వ కోణం 60 డిగ్రీలున్నప్పుడు గోపురం నీడ 28 మీటర్లు’ అంటే పోల్చడానికి వస్తువు లేదు, కోణం ఉంది. ఇది త్రికోణమితి, ట్యాన్ 60 వాడాలి, ఎత్తు 28√3 మీటర్లు. రెండింటిలోనూ గోపురం, నీడ, 28 ఉన్నాయి. దారి మారింది ఇచ్చిన సమాచారం వల్ల.

ఈ పోల్చుకునే పని విడిగా సాధన చెయ్యాలి. వేర్వేరు అధ్యాయాలనుంచి ఇరవై లెక్కలు చీటీల మీద రాసి కలిపెయ్యి. ఒక్కో చీటీ తీసి ఏమిచ్చారు, ఏమడిగారు, ఏ సూత్రంతో మొదలవుతుంది, ఈ మూడే రాయి. లెక్క పూర్తి చెయ్యనక్కర్లేదు. ఇరవై చీటీలకు అరగంట చాలు. వారానికి రెండుసార్లు చేస్తే నెలలో తేడా నీకే తెలుస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయికి అన్నీ తెలుసు. కానీ ప్రతి పరీక్షలో అజాగ్రత్త వల్ల పది, పన్నెండు మార్కులు పోగొట్టుకుంటోంది. జాగ్రత్తగా రాయమని ఎంత చెప్పినా మార్పు లేదు.

జవాబు: చెప్పినా మార్పు రాకపోవడంలో ఆ పిల్ల తప్పేమీ లేదండీ. ‘జాగ్రత్తగా రాయి’ అంటే చేతితో ఏం చెయ్యాలో ఎవరికీ అర్థం కాదు. తప్పు ఏ రకమో తేలితేనే దానికి విరుగుడు చెప్పగలం.

గత మూడు పరీక్షల పేపర్లు తీసి, ఎర్ర ఇంకు పడిన ప్రతి చోటా మీరూ అమ్మాయీ కలిసి కూర్చుని చూడండి. ప్రశ్న సరిగ్గా చదవలేదా? గుర్తు తప్పిందా? కూడిక, గుణకారాల్లో పోయిందా? ప్రమాణాలు మర్చిపోయిందా? అసలు పద్ధతే తప్పా? ఒక్కోదాని కింద గీతలు పెట్టుకుంటూ పోతే సాధారణంగా ఒకటి రెండు గడుల్లోనే గీతలు గుంపుగా పడతాయి. ఎక్కువమందికి అది గుర్తుల గడే.

ఎలా పోతుందో చూడండి. 2ఎక్స్² − 7ఎక్స్ + 3 = 0 అనే సమీకరణం. ఇక్కడ బి, అంటే ఎక్స్ ముందున్న సంఖ్య, విలువ −7. దాని వర్గం 49. చాలామంది మైనస్‌ను బ్రాకెట్లో పెట్టకుండా −7² అని రాసి, దాన్ని −49గా మార్చేస్తారు. అప్పుడు విచక్షణి, అంటే బి² − 4ఏసీ, −49 − 24 అయి −73 వస్తుంది. ఇక ‘వాస్తవ మూలాలు లేవు’ అని రాసి ముందుకు పోతారు. అలా రాయడం కూడా పాఠంలో ఒక పద్ధతే కాబట్టి అనుమానం రాదు. సరైన విచక్షణి 49 − 24 = 25, మూలాలు 7 + 5, 7 − 5లను 4తో భాగిస్తే వచ్చే 3, 1/2. విరుగుడు ఒక్కటే. ప్రతిక్షేపించే ప్రతి సంఖ్యనూ, అది ధనమైనా రుణమైనా, బ్రాకెట్లో రాయాలి. (−7)² అని రాసిన చెయ్యి −49 రాయదు. చివర పది సెకన్ల పరీక్ష కూడా ఉంది: మూలాలు కూడితే 7/2, గుణిస్తే 3/2 రావాలి. 3, 1/2లతో రెండూ సరిపోతున్నాయి.

ఇలాంటిదే −3(ఎక్స్ − 4). దీన్ని −3ఎక్స్ − 12 అని రాసే పిల్లలు తరగతికి ఎందరో ఉంటారు. మైనస్ మొదటి పదం దగ్గరే ఆగిపోతుంది. బ్రాకెట్ బయట మైనస్ ఉన్నప్పుడల్లా లోపలి ఒక్కో పదానికీ బయటినుంచి బాణం గుర్తు గీసి గుణించమనండి. ఒక నెల గీస్తే ఆ తర్వాత బాణం లేకుండానే చేస్తుంది. సరైన జవాబు −3ఎక్స్ + 12.

అజాగ్రత్తలా కనిపించినా నిజానికి పద్ధతి తప్పయినవీ ఉంటాయి. 7, 11, 15 ఇలా 203 వరకు ఎన్ని పదాలున్నాయని అడిగితే 203 నుంచి 7 తీసేసి 4తో భాగించి 49 అంటారు. 49 అనేది మధ్యలో ఉన్న అంతరాల సంఖ్య. పదాలు దానికన్నా ఒకటి ఎక్కువ, 50. ఐదు వేళ్ల మధ్య సందులు నాలుగే అని చేయి చూపిస్తే ఇది మనసులో నాటుకుంటుంది. జాగ్రత్త ఎంత పెంచినా ఈ తప్పు పోదు, అర్థమైతేనే పోతుంది.

గణనలో తప్పులు ఎక్కువైతే రాసే తీరు చూడండి. ఒక లైనుకు ఒకే ‘=’ గుర్తు, అవన్నీ ఒకదాని కింద ఒకటి రావాలి. పక్కకు పాకుతూ పోయే లెక్కలో 6 కాస్తా 0 అయిపోతుంది, ఒక పదం జారిపోతుంది. రఫ్ వర్క్ కూడా పేజీ అంచున అదే లెక్క పక్కనే ఉండాలి. వెనక పేజీలో చేసి ఇక్కడికి ఎత్తి రాసేటప్పుడు అంకెలు తారుమారవుతాయి.

దీనితోపాటు చిన్న తప్పుల నోటు ఒకటి పెట్టించండి. మొత్తం లెక్క రాయనక్కర్లేదు. తప్పు రాసిన లైను, అలా ఎందుకు రాసింది, సరైన లైను. మూడే.

ప్రశ్న: క్షేత్రమితిలో సూత్రాలన్నీ కలగాపులగం అయిపోతున్నాయి. గుర్తుపెట్టుకోవడానికి చిట్కా ఉందా?

జవాబు: చిట్కా కన్నా బొమ్మ మేలు. కాగితాన్ని గొట్టంలా చుట్టి మళ్లీ విప్పు, దీర్ఘచతురస్రం వస్తుంది. దాని ఒక వైపు స్థూపం చుట్టుకొలత, రెండో వైపు ఎత్తు. కాబట్టి వక్రతల వైశాల్యం రెండు పై ఆర్ హెచ్. ఇది ఒకసారి చేతితో చేస్తే మర్చిపోవు. శంకువు ఘనపరిమాణం అదే భూమి, అదే ఎత్తు ఉన్న స్థూపంలో మూడో వంతు. అర్ధగోళం వంపు భాగం రెండు పై ఆర్², పైన బల్లపరుపు మూత కూడా కలిస్తే మూడు పై ఆర్². ఈ మూత మర్చిపోవడం, అక్కర్లేనప్పుడు కలపడం, రెండూ మార్కులు తినేస్తాయి.

ఒక లెక్క చేద్దాం. అర్ధగోళం మీద శంకువు అతికించిన బొమ్మ. రెండింటి వ్యాసార్థం 7 సెం.మీ., శంకువు ఎత్తు 24 సెం.మీ. మొదట ఏటవాలు ఎత్తు: 49 + 576 = 625, వర్గమూలం 25. శంకువు వక్రతలం 22/7 × 7 × 25 = 550. అర్ధగోళం వక్రతలం 2 × 22/7 × 49 = 308. బొమ్మ ఉపరితల వైశాల్యం 858 చదరపు సెం.మీ. చాలామంది రెండింటి సంపూర్ణతల వైశాల్యాలు కలిపేసి 704 + 462 = 1166 రాస్తారు. తేడా 308. అదేంటో చూడు: 154 వైశాల్యమున్న వృత్తం రెండుసార్లు. అతుకు లోపల దాగిపోయిన రెండు వృత్తాలనూ లెక్కేశారన్నమాట. ఉపరితలం అడిగితే ‘రంగు వేస్తే ఎక్కడ తగులుతుంది?’ అని ప్రశ్నించుకో. రంగు తగలని చోటు లెక్కలోకి రాదు. ఘనపరిమాణానికి ఈ గొడవ లేదు, రెండూ కలిపెయ్యడమే.

పేపరు చదివేటప్పుడు ‘వ్యాసం’ అనే మాట కింద గీత గియ్యి, వెంటనే పక్కన సగం చేసి రాసుకో. కొలతలు కొన్ని మీటర్లలో, కొన్ని సెంటీమీటర్లలో ఉంటే సూత్రం రాయకముందే అన్నీ ఒకే ప్రమాణంలోకి మార్చు. ఒక ఘనపు మీటరు వెయ్యి లీటర్లు, పది లక్షల ఘనపు సెంటీమీటర్లు. ముందే గుణించకు. కొట్టివేతలన్నీ అయ్యాక చివర్లో గుణిస్తే అంకెలు చిన్నవిగా ఉంటాయి.

ప్రశ్న: మధ్యగతం సూత్రంలో ఏ సంచిత పౌనఃపున్యం తీసుకోవాలో ప్రతిసారీ అనుమానమే.

జవాబు: సంచిత పౌనఃపున్యం అంటే ఒక్కో తరగతి దాకా వరసగా కూడుతూ వచ్చిన మొత్తం. మధ్యగతం ఉన్న తరగతికి ముందు తరగతిది తీసుకో. పౌనఃపున్యం మాత్రం అదే తరగతిది. ఎందుకంటే, మధ్య వ్యక్తిని చేరడానికి ఆ తరగతిలోకి అడుగుపెట్టే ముందు ఎంతమందిని దాటామో తీసెయ్యాలి.

0–10, 10–20, 20–30, 30–40, 40–50 తరగతుల్లో వరసగా 5, 8, 15, 9, 3 మంది ఉన్నారనుకో. మొత్తం 40, సగం 20. సంచిత పౌనఃపున్యాలు 5, 13, 28. ఇరవయ్యోది 20–30లో పడింది. దాటినవాళ్లు 13, ఇంకా 7 కావాలి. ఆ తరగతిలో 15 మంది 10 ప్రమాణాల వెడల్పులో పరుచుకున్నారు. 20 + (7/15) × 10, అంటే సుమారు 24.67. పొరపాటున 28 తీసుకుంటే 14.67 వస్తుంది. 20–30లో ఉండాల్సిన మధ్యగతం 14 ఎలా అవుతుంది? జవాబు తరగతి బయటికి పోయిందంటే తప్పు అక్కడే ఉంది.

ప్రశ్న: సిద్ధాంతాల నిరూపణలు బట్టీ పడుతున్నాను. ఒక లైను మర్చిపోతే మిగతాదంతా పోతోంది.

జవాబు: ప్రతి నిరూపణలో ఒక్క లైను మీదే మిగతా బరువంతా ఉంటుంది. ఆ లైను ఏదో పట్టుకుంటే మిగతావి వాటంతటవే వస్తాయి.

√2 కరణీయ సంఖ్య అని నిరూపించేటప్పుడు ఆ లైను మొదట్లోనే ఉంది: √2 = ఏ/బి, ఇక్కడ ఏ, బిలు పరస్పర ప్రధాన సంఖ్యలు, అంటే 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేనివి. తర్వాత ఏ సరిసంఖ్య అని తేలుతుంది, బి కూడా సరిసంఖ్యే అని తేలుతుంది. అంటే రెండింటికీ 2 ఉమ్మడి కారణాంకం. మొదట ‘పరస్పర ప్రధాన’ అని రాయకపోతే ఇక్కడ విరోధం ఎక్కడుంది? రెండు సంఖ్యలూ సరిసంఖ్యలైతే నష్టమేముంది? ఆ మాట వదిలేసిన నిరూపణ, మిగతాదంతా సరిగా ఉన్నా, నిలబడదు.

త్రిభుజంలో ఒక భుజానికి సమాంతరంగా గీసిన రేఖ మిగతా రెండు భుజాలను ఒకే నిష్పత్తిలో విభజిస్తుందనే సిద్ధాంతంలో, అంటే థేల్స్ సిద్ధాంతంలో, బరువు మోసే లైను మధ్యలో వస్తుంది. ఏబీసీ త్రిభుజంలో ఏబీ మీద డీ, ఏసీ మీద ఈ ఉండేలా బీసీకి సమాంతరంగా డీఈ గీశాం, బీఈ, సీడీ కలిపాం. బీడీఈ, సీడీఈ త్రిభుజాల వైశాల్యాలు సమానం. కారణం, రెండూ డీఈ అనే ఒకే భూమి మీద, డీఈ, బీసీ అనే ఒకే సమాంతర రేఖల మధ్య ఉన్నాయి. ‘సమాంతరం’ అని ప్రశ్నలో ఇచ్చింది వాడుకున్న ఒకే ఒక్క చోటు ఇది. ఆ కారణం రాయకపోతే దత్తాంశం వాడకుండానే నిరూపించినట్టవుతుంది, అక్కడ మార్కు పోతుంది.

కాబట్టి ఒక్కో నిరూపణ చదివాక, ఇచ్చిన సమాచారం ఏ లైనులో వాడారో వేలు పెట్టి చూపించగలవా అని చూసుకో. సరూప త్రిభుజాల పేర్లు రాసేటప్పుడు అక్షరాల వరస కూడా చూడు. సమాన కోణాల శీర్షాలు ఒకే స్థానంలో రావాలి. వరస తప్పితే దాన్నిబట్టి రాసే నిష్పత్తులన్నీ తప్పుతాయి.

ప్రశ్న: మూడు గంటల టైము చాలడం లేదు. చివరి రెండు పెద్ద లెక్కలు ఎప్పుడూ మిగిలిపోతున్నాయి.

జవాబు: పేపరు 80 మార్కులదైతే, మొదట చదవడానికీ చివర సరిచూడటానికీ కలిపి 20 నిమిషాలు పక్కన పెట్టు. మిగిలిన 160 నిమిషాలు, మార్కుకు రెండు నిమిషాలు. ఐదు మార్కుల లెక్కకు పది నిమిషాలు. పన్నెండు దాటినా దారి కనిపించకపోతే అరపేజీ ఖాళీ వదిలి ముందుకు వెళ్లు. అప్పటిదాకా రాసింది కొట్టెయ్యకు. సూత్రం, ప్రతిక్షేపణ సరిగా ఉంటే స్టెప్పు మార్కులు పడే అవకాశం ఉంది, అడ్డంగా గీత పెడితే అవీ పోతాయి. అదే కారణంతో, పూర్తిగా రాని లెక్కకు కూడా దత్తాంశం, బొమ్మ, సూత్రం రాసి రా.

గ్రాఫులో టైము తినేది స్కేలు. ముందు పట్టికలో మూడేసి బిందువులు రాసుకుని, వాటిలో అతి పెద్ద, అతి చిన్న విలువలు చూసి స్కేలు నిర్ణయించు. అక్షాలు గీసేశాక బిందువు కాగితం బయటికి పోతే మళ్లీ మొదలుపెట్టాలి. రెండు బిందువులతో గీత వస్తుంది కదా, మూడోది ఎందుకంటావేమో. మూడూ ఒకే గీత మీద పడకపోతే పట్టికలో తప్పుందని అదే చెబుతుంది.

ప్రశ్న: ఇంకా పది రోజులే ఉంది. సగం కూడా కాలేదు. ముందు రోజు రాత్రి కూడా కొత్త లెక్కలు చేయొచ్చా?

జవాబు: ముందు రోజు వద్దు. చివరి మూడు రోజుల్లో అసలు ముట్టని అధ్యాయం తెరవకు. మొదటి ఏడు రోజుల్లో సాంఖ్యక శాస్త్రం, అంకశ్రేఢులు, నిరూపక జ్యామితి, సంభావ్యత పట్టు. సూత్రాలు తక్కువ, ప్రశ్నల తీరు ఎక్కువగా మారదు. త్రికోణమితి విలువల పట్టిక రాకపోతే 0, 1, 2, 3, 4 వరసగా రాసి, ఒక్కోదానికి వర్గమూలం తీసి 2తో భాగించు. అవే 0, 30, 45, 60, 90 డిగ్రీల సైన్ విలువలు. అదే వరసను చివరినుంచి రాస్తే కాస్. సైన్‌ను కాస్‌తో భాగిస్తే ట్యాన్, 90 దగ్గర మాత్రం నిర్వచితం కాదు.

రోజు విడిచి రోజు పరీక్ష జరిగే వేళకే ఒక పూర్తి పేపరు గడియారం పెట్టుకుని రాయి. దిద్దుకోవడానికి కూడా రాసినంత టైము తీసుకో. దిద్దని ఐదు పేపర్ల కన్నా దిద్దిన రెండు పేపర్లు ఎక్కువ నేర్పుతాయి.

ముందు రోజు సాయంత్రం తప్పుల నోటు ఉంటే ఒకసారి చదివి, సూత్రాలు చూడకుండా ఒక పేజీలో రాసుకుని, జ్యామితి పెట్టె సర్దుకో. పెట్టె సర్దేటప్పుడు ఒక్క నిర్మాణం చెయ్యి. 6 సెం.మీ. వ్యాసార్థంతో వృత్తం, కేంద్రం నుంచి 10 సెం.మీ. దూరంలో ఒక బిందువు. రెండింటినీ కలిపి, ఆ రేఖకు లంబ సమద్విఖండన రేఖ గీసి మధ్య బిందువు పట్టుకో. అక్కడ ముల్లు పెట్టి, కేంద్రం దాకా వ్యాసార్థంగా ఇంకో వృత్తం గియ్యి. రెండు వృత్తాలు ఖండించుకున్న చోటికి బయటి బిందువు నుంచి గీసినవే స్పర్శరేఖలు. స్కేలు పెట్టి కొలిస్తే పొడవు 8 సెం.మీ. రావాలి. ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా వస్తే వృత్తలేఖిని మర వదులైందేమో చూసి బిగించు, పెన్సిలు మొన చెక్కు, మళ్లీ గీసి కొలువు.